తెల్లనివన్నీ బొల్లి కావు

పది రోజులుగా మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. చుట్టాల గ్రూపులోనూ అదే. అందులో ఉన్నదిది: ఒంటి మీద తెల్ల మచ్చ వచ్చిందంటే బొల్లే. చేపలు తిని పాలు తాగితే వస్తుంది. పక్కవాళ్లకు అంటుతుంది. పట్టించుకోకపోతే కుష్ఠుగా మారుతుంది. ఎర్రబడి దురద పెడితే మాత్రం అది తామర, ఫలానా ట్యూబు రెండు వారాలు రాస్తే మాయం. చివర్లో ‘పదిమందికీ పంపి పుణ్యం కట్టుకోండి’ అని ఉంది.

నేను చర్మవ్యాధుల ఓపీలో నర్సును. ఈ పుణ్యం ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాను కాబట్టి ఒక్కో ముక్కా తీసుకుని చెప్తాను.

తెల్ల మచ్చంటే బొల్లే అన్నది మొదటి మాట. మొన్న ఒక అమ్మాయిని మేనమామ వెంటబెట్టుకొచ్చాడు. సంబంధం ఖాయమైంది, వచ్చే నెలలో ముహూర్తం. వీపు మీద, మెడ కింద చిన్న చిన్న తెల్ల మచ్చలు. వారం రోజులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదట. డాక్టరమ్మ గాజు స్లైడు అంచుతో ఒక మచ్చను మెల్లగా గీకారు. సన్నటి పొట్టు పిండిలా రాలింది. ‘శోభి. మందు రాస్తాను’ అన్నారు. ‘అంతేనా అమ్మా?’ అని ఆయన మూడుసార్లు అడిగాడు.

శోభినే కొన్నిచోట్ల సిబ్బెం అంటారు. మలసేజియా అనే ఈస్టు (ఒక రకం ఫంగస్) మనందరి చర్మం మీదా ఉంటుంది. చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు అది పెరిగిపోతే ఈ మచ్చలు వస్తాయి. మందుతో పొట్టు పోయినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మందు పనిచేయలేదని చాలామంది డాక్టర్లను మార్చేది అప్పుడే. ఇక పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు కనబడితే కాల్షియం తక్కువనో, కడుపులో నులిపురుగులనో అంటారు. చాలాసార్లు అవి చర్మం పొడిబారి వచ్చే తేలికపాటి ఎగ్జిమా. పెద్దయ్యేకొద్దీ వాటంతట అవే పోతాయి.

బొల్లి తెలుపు వేరు. రంగు తయారుచేసే మెలనోసైట్లు అక్కడ ఉండవు. మచ్చ పాలలా తెల్లగా, అంచు గీత గీసినట్టు ఉంటుంది. పొట్టు రాలదు. మచ్చలో మొలిచిన వెంట్రుకలు కూడా తెల్లబడొచ్చు. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద పెడితే నీలి తెలుపుగా మెరుస్తుంది. అందుకే కేసు షీటులో ‘తెల్ల మచ్చ’ అని రాసి ఊరుకోరు. రంగు తగ్గితే హైపోపిగ్మెంటెడ్, పూర్తిగా పోతే డీపిగ్మెంటెడ్. కళ్లు మూసుకుని వేలితో రాస్తే తెలియని చిన్న మచ్చ మాక్యూల్, సెంటీమీటరు దాటితే ప్యాచ్. చేతికి గట్టిగా తగిలే చిన్న పొక్కు పాప్యూల్, దిమ్మెలా లేస్తే ప్లాక్, నీరు పడితే వెసికిల్, చీము పడితే పుస్ట్యూల్. మనం వీటన్నిటినీ మచ్చ, పొక్కు అన్న రెండు మాటల్లో తేల్చేస్తాం.

చేపలు, పాల సంగతి. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుతారు, దాన్ని దోయి మాఛ్ అంటారు. మన దగ్గర చేప వాసన కూడా ఎరగని ఇళ్లలోనూ బొల్లి ఉంది. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అంటుతుందన్నదీ అబద్ధమే. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున రంగు కణాల మీద దాడి చేస్తే వచ్చేది బొల్లి. అందులో సూక్ష్మజీవే లేదు, ఇక అంటడానికి ఏముంది?

కుష్ఠుగా మారుతుందన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. కుష్ఠు బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు. ఆ బ్యాక్టీరియాను 1873లో నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు కనిపెట్టాడు. బొల్లి కుష్ఠుగా మారడమంటే మామిడిచెట్టుకు చింతకాయలు కాయడమే. గందరగోళమంతా పేరులో ఉంది. పాత వైద్యంలో కుష్ఠం అంటే చాలా చర్మరోగాలకు ఉమ్మడి పేరు. తెల్ల మచ్చలకు శ్విత్రం అని వేరే పేరున్నా జనం నోట శ్వేతకుష్ఠు అన్నదే నిలిచిపోయింది.

కుష్ఠు మచ్చ పాలతెలుపుగా ఉండదు. పాలిపోయో, రాగి రంగులోనో ఉంటుంది. అనుమానం వస్తే దూది కొసను సన్నగా మెలిపెట్టి, రోగిని కళ్లు మూసుకోమని, ‘తగిలినచోట వేలు పెట్టి చూపించండి’ అంటాం. మంచి చర్మం మీద తగలగానే టక్కున చూపిస్తారు. మచ్చ మీద తాకించినప్పుడు చెయ్యి కదలదు. గదిలో అందరికీ అర్థమైపోతుంది, కళ్లు మూసుకున్న మనిషికి తప్ప. తర్వాత డాక్టరు మోచేతి వెనక నరం తాడులా మందంగా తగులుతుందేమోనని తడిమి చూస్తారు. బొల్లిలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. అలాగని ఇంట్లో దూది పట్టుకుని మీరే తేల్చుకోవద్దు. ముఖం మీది మచ్చల్లో, కొన్ని రకాల కుష్ఠు తొలిదశలో స్పర్శ పోకపోవచ్చు.

ఒకవేళ కుష్ఠే అయినా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎండీటీ (రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స) ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడాలి. మందు మొదలైన కొద్దిరోజులకే పక్కవాళ్లకు సోకే భయం పోతుంది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో చట్టం నుంచే తీసేశారు. వాట్సాప్‌కు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఆఖరిది ట్యూబు. అసలు ‘ఎర్రబడితే’ అన్న మాటే తెల్లతోలు వాళ్ల ఫొటోలు చూసి రాసింది. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు గోధుమరంగులోనో, వంకాయరంగులోనో కనిపిస్తుంది. తామర ఫంగస్‌తో వస్తుంది. గుండ్రంగా, అంచు లేచి, పొట్టుతో ఉంటుంది. ఫంగస్‌తో రాని ఎగ్జిమానూ తామరే అంటారు కాబట్టి పేరు చెప్పి మందు అడగడమే ప్రమాదం. ఆ మెసేజ్‌లోని ట్యూబులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి చివరికి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో నెలల తరబడి రాసినవాళ్లకు చర్మం పలచబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పింది. అయినా షాపులో పేరు చెప్తే చాలు, చేతిలో పెడుతున్నారు. అందుకే దాని పేరు ఇక్కడ రాయలేదు. రాస్తే ఎవరో ఒకరు సాయంత్రానికల్లా కొనుక్కొస్తారు.