నీళ్లడిగితే డిపాజిట్ పెంచారు

చట్టాలు ఎలా పుడతాయో చెప్పే పేజీ ఒకటి మన పౌరశాస్త్రం పుస్తకంలో ఉంటుంది. బిల్లు పెడతారు, చర్చిస్తారు, రెండు సభలూ సరేనంటాయి, రాష్ట్రపతి సంతకం చేస్తారు, గెజిట్‌లో అచ్చవుతుంది. పిల్లలు ఎలా పుడతారని అడిగితే ఆస్పత్రి డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టినట్టుంటుంది ఈ వివరణ. అందులో తప్పేమీ లేదు, అసలు సంగతే లేదు. ఆ లోటు పూడ్చడానికి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక టీ హోటల్‌లో కొన్నేళ్లుగా సాగుతున్న పరిశోధనను లోకం ముందు పెడుతున్నాను. పరిశోధక బృందానికి అధ్యక్షుడు మా మేనమామ. ఆయన అర్హత ఒక్కటే: 1996లో ఎంపీ అభ్యర్థి.

అంతటి పెద్దమనిషా అని తొందరపడకండి. ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. మామ అందులో ఒకరు. బ్యాలెట్ పేపరు పేపరుగా ఉండలేక పుస్తకమైంది. తన పేరు ఎన్నో పేజీలో ఉందో మామకు ఇప్పటికీ సందేహమే. ఓటు వేయడానికి వెళ్లి, తన పేరు దొరక్క, వెనక నిలబడ్డవాళ్లు అరుస్తుంటే ఎవరిదో గుర్తు మీద గుద్ది వచ్చానని ఒప్పుకున్నాడు. ప్రజాస్వామ్య చరిత్రలో ఇంత నిస్వార్థపరుడైన అభ్యర్థిని నేను చూడలేదు.

480 మందికీ ఒకేసారి ఎంపీ కావాలన్న పిచ్చి పట్టలేదు. వాళ్లకు కావాల్సింది నీళ్లు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అధికారులకు దశాబ్దాలుగా తెలుసు. పళ్లు పచ్చబడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, నలభై ఏళ్లకే నడుం వంగిపోతుంది. పెళ్లిచూపుల్లో పిల్లను నవ్వమని అడగని ఊళ్లు మావి. అలాగని ఎవరూ పట్టించుకోలేదంటే పాపం తగులుతుంది. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరీ' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి కనిపెట్టారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా వాడి చూశారట. అలా మా పేరు ఖండాలు దాటింది. జిల్లాలోనే ఉన్న నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు మాత్రం మర్రిగూడ దాకా రాలేకపోయాయి. పేరుకు కాలువ అక్కర్లేదు, నీళ్లకు కావాలి.

అర్జీలు అయ్యాయి, ధర్నాలు అయ్యాయి. చివరికి జలసాధన సమితి వాళ్లకు ఒక ఉపాయం తట్టింది: ఊరూరా నామినేషన్లు వేద్దాం, ఢిల్లీ మనవైపు చూడకేం చేస్తుంది? డిపాజిట్ ఎంతనుకున్నారు, 500 రూపాయలు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో రాసిన అంకె, 45 ఏళ్లు ఎవరూ ముట్టలేదు. బజార్లో ధర పెరగని వస్తువు అదొక్కటే మిగిలింది కాబట్టి మా వాళ్లు చందాలేసుకుని మరీ కొన్నారు.

ఢిల్లీ చూసింది. ఇక్కడే మా పరిశోధన అసలు ఘట్టానికి వస్తుంది. ఆ ఎన్నికల తర్వాత ఒక ప్రభుత్వం ఏర్పడి 13 రోజులకే పడిపోయింది. జూన్ 1న దేవెగౌడ గారు పదమూడు పార్టీల బండి ఎక్కి ప్రధాని అయ్యారు. ఆ బండి ఎటు పోతుందో తోలేవాళ్లకే తెలియని రోజులవి. అంతటి అయోమయంలోనూ, సరిగ్గా రెండు నెలలకు, 1996 ఆగస్టు 1 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ అమల్లోకి వచ్చేసింది. నల్లగొండ గోస విని పార్లమెంటు ఇంత వేగంగా కదలడం చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి.

అయితే సవరణలో నీళ్లు లేవు. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది, అసెంబ్లీకి 250 నుంచి 5,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పది మంది కావాలి. బ్యాలెట్‌లో గుర్తింపు పార్టీల వాళ్ల పేర్లు పైన, మామ లాంటి వాళ్లవి అట్టడుగున. మా పెళ్లిళ్లలో ముందు బంతి, చివరి బంతి ఉన్నట్టే.

న్యాయంగా చెప్పాలంటే తప్పు నల్లగొండ ఒక్కదానిదే కాదు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ సీటుకు 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ సీటుకు 456 మంది నిలబడ్డారు. ఎన్నికల సంస్కరణల మీద దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే నివేదిక ఇచ్చింది. ఆరేళ్లు నివేదిక నిద్రపోయింది, మూడు నియోజకవర్గాలు కలిసి లేపాయి. ఫలితం కూడా అద్భుతం. 1996లో దేశమంతా 13,952 మంది లోక్‌సభకు పోటీ చేస్తే 1998లో 4,750 మందే మిగిలారు. వైద్యశాస్త్రంలో ఏ మందూ ఇంత త్వరగా పనిచేయదు. జ్వరం తగ్గలేదు, థర్మామీటర్ ధర పెరిగింది, అంతే.

"నీళ్లడిగితిమి, నామినేషన్ల ధర పెంచిన్రు," అంటాడు మామ. "ఆకలైతుందంటే హోటల్ల బోర్డు మార్చినట్టు."

మామది అభ్యర్థి కోణం, అందులో కక్ష ఉంటుంది. నాది శాస్త్రీయ కోణం. దీన్నుంచి మా బృందం తేల్చిన మొదటి సూత్రం: బాధ ఎవరిదని చట్టం అడగదు, ఇబ్బంది ఎవరికని అడుగుతుంది. ఎముకలు వంగడం బాధ. బ్యాలెట్ పుస్తకం అచ్చు వేయడం, మోయడం, లెక్కపెట్టడం ఇబ్బంది. అదే లోక్‌సభలో ఆ ఏడాది సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లు కూడా పెట్టారు. అది గట్టెక్కేసరికి 2023 సెప్టెంబరు వచ్చింది, అదీ జనగణన, డీలిమిటేషన్ తర్వాతే అన్న షరతుతో. ఆడవాళ్లంతా 500 పెట్టి నామినేషన్లు వేసి ఉంటే పని ముందే అయ్యేదేమో. ఈలోగా డిపాజిట్ పెంచేశారు.

ఈ సూత్రానికి మా జిల్లాలో పాత ఆధారాలూ ఉన్నాయి. 1946 నుంచి 51 దాకా ఇక్కడి జనం వెట్టి చేయం, భూమి వదలం అంటూ గుతపలు, అంటే దుడ్డుకర్రలు, పట్టుకుని సంఘం (ఆంధ్ర మహాసభ) వెంట నడిచారు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే మనిషిని పుట్టించింది. తరతరాలుగా ఆ పొలంలోనే ఉన్నవాణ్ణి ప్రభుత్వం ఒక్కసారిగా గుర్తుపట్టింది. గుతపకు చూపు బాగుచేసే గుణం ఉందని మా బృందంలో ఒక రిటైర్డ్ పంతులు వాదన. అధ్యయనం సాగుతోంది.

గుతపలు అటక ఎక్కాక వచ్చిన చట్టం భూమి సీలింగ్. 1973లో అసెంబ్లీ చేసింది, అమలైంది 1975 జనవరి 1న. అయిదుగురి కుటుంబానికి తరి (మాగాణి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54, అంతకుమించి ఉండకూడదు. వస్తున్నానని ముందే చెప్పి, మెల్లగా నడిచి, గుమ్మం బయట దగ్గి లోపలికి వచ్చే చుట్టం లాంటి చట్టమది. ఇంట్లోవాళ్లకు సర్దుకునే టైం ఇస్తుంది. ఈ మధ్యలో దక్షిణ తెలంగాణ పల్లెల్లో గొప్ప సామాజిక విప్లవం జరిగింది. దొర మొదటిసారి తన జీతగాళ్ల పూర్తి పేర్లు, తండ్రి పేర్లతో సహా, కనుక్కున్నాడు. పట్టా కాగితాల్లో రాయాలి కదా. గొర్లు కాసే పిల్లాడు పదెకరాల ఆసామి అయ్యాడు, ఆ సంగతి వాడికి చెప్పడం మాత్రం మరిచిపోయారు. కలిసి కాపురం చేస్తున్న దంపతులు కాగితం మీద వేరుపడ్డారు. చట్టం అమలు కాలేదని ఎవరన్నారు? భూమి పంచారు. ఒకే ఇంట్లో.

ఇక పాలమూరు. మహబూబ్‌నగర్ నుంచి కూలీలు డ్యాములకు, రోడ్లకు దేశమంతా వెళ్లారు. 'పాలమూరు లేబర్' అన్నది ఊరి పేరు పోయి పని పేరైంది. వీళ్లలాంటి వాళ్ల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. చదివితే ముచ్చటేస్తుంది. కూలీని తీసుకెళ్లే కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలి, కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలి, ఊరు వదిలినందుకు నెల కూలీలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది భత్యంగా ఇవ్వాలి. నేను కోస్గి వైపు ఒక గుంపు మేస్త్రిని లైసెన్స్ ఉందా అని అడిగాను. ఉందని డ్రైవింగ్ లైసెన్స్ చూపించాడు. హెవీ వెహికల్ కూడా నడపగలడట. ఆ చట్టం అయిదుగురు కూలీలుంటే వర్తించేది. ఇప్పుడు దాన్ని మింగిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ అంకె పది. ఇక తొమ్మిదేసి మందిని బస్సెక్కించడం మేస్త్రులకు అలవాటైతే, పాలమూరులో లెక్కల చదువు బాగుపడిందని విద్యాశాఖ చెప్పుకోవచ్చు. బొంబాయి బస్సెక్కేవాడి వల్ల ఎవరికి ఇబ్బంది? ఓటు రోజుకు ఊళ్లో ఉండడు, ఉన్నా 480 నామినేషన్లకు సరిపడా చందా పోగవ్వదు.

మరి మా నీళ్లో? వచ్చాయి. 2004లో అక్కంపల్లి నుంచి కృష్ణా నీళ్లు మా జిల్లా మీదుగా హైదరాబాద్‌కు చేరాయి. పైపు మీద చెవి పెడితే వినిపించేవని మామ అంటాడు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, తర్వాత మా ఇళ్లకూ నల్లాలు వచ్చాయి. అబద్ధమెందుకు, తాగుతున్నాం. కానీ వంగిన నడుములను నిలబెట్టే సవరణ ఏ సభా చేయలేదు. డిపాజిట్ మాత్రం 2010 నుంచి 25,000. పైగా ఇప్పటి ఓటింగ్ యంత్రం నోటాతో కలిపి 384 పేర్లే మోయగలదు. మునుగోడు ఉప ఎన్నికలో 47 మందికే మూడు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. మామ తరం మళ్లీ 480 మందితో వస్తే యంత్రం కుప్పకూలుతుంది, అప్పుడు ఏ చట్టం వస్తుందో ఊహించడానికే టెన్షన్‌గా ఉంది.

విమర్శించడం తేలిక కాబట్టి మా బృందం ఒక ముసాయిదా కూడా తయారుచేసింది. నామినేషన్ వేసేవాడు నగదు డిపాజిట్ కట్టనక్కర్లేదు. నియోజకవర్గంలో అన్నిటికంటే లోతైన బోరు నుంచి ఒక బిందె నీళ్లు తెచ్చి, రిటర్నింగ్ అధికారి ఎదుట ఒక గ్లాసు తాగాలి. గెలిస్తే అయిదేళ్లూ, ఇంటిల్లిపాదీ, అవే తాగాలి. పదవీకాలం ముగిశాక పళ్లు తెల్లగా ఉంటేనే మళ్లీ పోటీకి అర్హత. బిందె ఖర్చు అభ్యర్థిదే.

పార్లమెంటులో ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కానివాళ్లు పెట్టే బిల్లు, చట్టమై 1970 తర్వాత మళ్లీ చూడలేదని పంతులు గుర్తుచేశాడు. అయినా పట్టు వదలకుండా ముసాయిదాను హోటల్‌లో గట్టిగా చదివాను. మామ కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగనే ఉన్నది అల్లుడా. మరి ప్రతిపాదించెటోళ్లు పది మంది ఉన్నరా?"

లెక్కపెట్టాం. నలుగురం. అందులో ఇద్దరు టీ డబ్బులు కట్టకుండానే లేచి వెళ్లిపోయారు.