నాలుగో గడి ఏది?

ఒక కాగితం. పైన ‘ఉద్యోగ సంతృప్తి పత్రం’ అని అచ్చు. దాని కింద పేరు, తండ్రి పేరు, ఐడీ నంబరు, ఫోన్ నంబరు. ఆ కింద ఒకే ప్రశ్న: మీ ఉద్యోగం పట్ల మీరెంత సంతృప్తిగా ఉన్నారు? జవాబుకు మూడు గడులు. ‘చాలా సంతృప్తి’, ‘సంతృప్తి’, ‘ఫర్వాలేదు’. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి, అడుగున సంతకం చేసి, సాయంత్రంలోగా సూపర్‌వైజర్ చేతికివ్వాలి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చునట. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు సంస్థకు ఊడ్చేవాళ్లను, కాపలావాళ్లను, కంప్యూటర్ ఆపరేటర్లను సరఫరా చేసే ఏజెన్సీ ఈ వారం పంచిన కాగితమిది. రెండు నెలల జీతం బాకీ పెట్టి మరీ పంచింది.

నాలుగో గడి లేదు. తృప్తి లేదని చెప్పదలచుకున్నవారికి ఆ కాగితం మీద చోటు లేదు. అచ్చుతప్పు అనుకుందామా అంటే, ఉన్న మూడు గడులూ స్కేలు పెట్టి గీసినట్టు పేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా సర్దుకుని ఉన్నాయి. నాలుగోది ఒకటి ఉండాలన్న ఆలోచనే గీసినవారికి రాలేదు.

పనిచేసేవాళ్ల మనసు తెలుసుకుంటే తప్పేముంది, పెద్ద కంపెనీలు ఏటా చేసే పనే కదా అని ఏజెన్సీ వైపు నుంచి వినిపిస్తున్న మాట. తప్పేమీ లేదు. పద్ధతిగా చేసేచోట పేరు రాయనక్కర్లేదు, బాగోలేదని టిక్కు పెట్టే వీలుంటుంది, వచ్చే నెల ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఆ టిక్కులు చూసి తేల్చరు. ఇక్కడ కొలువుల రెన్యువల్ దగ్గర పడినప్పుడు అడిగారు. ఊడ్చే మనిషి పేరు రాసి, నంబరు వేసి, ‘ఫర్వాలేదు’ దగ్గర టిక్కు పెట్టడానికి కూడా ఎంత గుండె ధైర్యం కావాలో ఏసీ గదిలో కూర్చుని ఫారం గీసినవాళ్లకు ఏం తెలుస్తుంది?

పేరు, నంబరు, సంతకం తీసుకుని రాయించుకున్నది అభిప్రాయం కాదు. రాతకోతల భాషలో దాన్ని ఒప్పుకోలు అంటారు. మా భయమంతా అక్కడే. రేపు ఎవరైనా జీతం తక్కువిస్తున్నారని కార్మిక శాఖ మెట్లెక్కినా, పీఎఫ్ జమ కాలేదని పిటిషన్ వేసినా, ఇదే కాగితం ఫైలులోంచి బయటికొస్తుంది. తృప్తిగా ఉన్నానని నీ చేత్తో నువ్వే రాసిచ్చావు కదా అని అడుగుతారు. అప్పుడు ఆ మనిషి ఏం చెప్పుకోవాలి? నాలుగో గడి లేదని చెప్పుకోవాలా?

లేనిపోని అనుమానం అనేవాళ్లకు 2023 మే నెలను గుర్తుచేస్తాం. జూనియర్ పంచాయతీ కార్యదర్శుల సంగతి ఏ ఊరికీ కొత్త కాదు. 2018లో 9,355 పోస్టులకు ప్రకటన వచ్చింది. 2019లో డిగ్రీలు, పీజీలు, బీటెక్‌లు చదివిన పిల్లలు రూ.15,000 జీతానికి చేరారు. నర్సరీ, వైకుంఠధామం (ఊరి శ్మశానం), డంపింగ్ యార్డు, ఇంటి పన్ను, పొద్దున్నే యాప్‌లో పారిశుద్ధ్యం ఫొటోలు.. ఊరి మంచిచెడ్డలన్నీ వాళ్ల నెత్తినే. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. పర్మినెంట్ చేయమని ఏప్రిల్ 28న సమ్మెకు దిగితే, మే 8న వచ్చిన నోటీసులో ఏముంది? కొలువులో చేరేటప్పుడు సంఘాల్లో చేరబోమని, ఆందోళనలు చేయబోమని బాండు రాసిచ్చారు కాబట్టి మర్నాడు సాయంత్రం 5 గంటల్లోగా విధుల్లో చేరకపోతే తొలగిస్తామని ఉంది. తర్వాత పనితీరుకు మార్కులు వేసి క్రమబద్ధీకరించారు, అది వేరే కథ. కొలువు దొరికిందన్న సంబరంలో చదివీ చదవక పెట్టిన సంతకం నాలుగేళ్ల తర్వాత వాళ్ల గొంతు మీదికే వచ్చింది. పోటీ పరీక్ష రాసి నెగ్గిన పిల్లల గతే అదైతే, వేలిముద్ర వేసే ఆయమ్మ గతేమిటి?

ఆనాటి బాండులో కనీసం ముసుగు లేదు. సమ్మె చేయొద్దు అని ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఈ ఫారం మంచి మాటల్లో చుట్టి వచ్చింది. పైగా ఒకచోట చెల్లుబాటైతే ఇక్కడితో ఆగదు. ఒక ఏజెన్సీ చేసింది చూసి రెండోది చేస్తుంది. మునిసిపాలిటీలు, గురుకులాలు, ప్రతి జిల్లాలో వెలసిన మెడికల్ కాలేజీలు, తహసీల్ ఆఫీసులు.. ఔట్‌సోర్సింగ్ మనుషులు లేనిదే తాళం తీయని ఆఫీసు దక్షిణ తెలంగాణలో ఏదైనా ఉందా? రెండేళ్లు తిరిగేసరికి టెండరు కాగితాల్లో ‘సంతృప్తి పత్రాలు జతచేయాలి’ అన్న షరతు కూడా చేరుతుంది. అప్పుడిక దాన్ని ఎవరూ ప్రశ్నించరు. అలవాటైపోతుంది.

తక్కువ జీతానికి తలొగ్గడాన్ని ఇష్టంగా లెక్కగట్టడం కుదరదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2016 అక్టోబర్ 26న జగ్జీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం గురించి తీర్పు ఇస్తూ, తక్కువ జీతానికి పనిచేసే మనిషి ఇష్టపడి రాడని, ఇంటిల్లిపాది తిండీ నీడా కోసం ఆత్మగౌరవాన్ని చంపుకుని వస్తాడని ధర్మాసనం అన్నది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన మహిళల కేసులో 2024 డిసెంబర్ 20న ఇచ్చిన జగ్గో తీర్పు కూడా, తాత్కాలికం అన్న పేరు తగిలించి శాశ్వతమైన పనులు చేయించుకోవడాన్ని తప్పుపట్టింది. ఏజెన్సీకి ఈ తీర్పులు తెలియకపోవచ్చు. ఆ ఏజెన్సీకి నెలనెలా బిల్లు పాస్ చేసే అధికారికి తెలియదంటే మేం నమ్మం.

తృప్తి సంగతి తేలాలంటే లెక్క చూడాలి. 2021 జూన్‌లో ప్రభుత్వం 30 శాతం పెంచాక ఔట్‌సోర్సింగ్‌లో అట్టడుగు మెట్టు జీతం రూ.12,000 నుంచి రూ.15,600కు చేరింది. అందులో పీఎఫ్, ఈఎస్ఐ పోతే చేతికొచ్చేది పదమూడున్నర వేల పైచిలుకు. యాజమాన్యం కట్టాల్సిన వాటాను కూడా కార్మికుల జీతంలోంచే కోసే ఏజెన్సీలున్నాయన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. పంచాయతీల్లో పనిచేసేవారి జీతం 2019లో రూ.8,500తో మొదలైంది. చీపురు పట్టేదీ, ట్రాక్టర్ నడిపేదీ, మోరీ తీసేదీ, వీధిలైటు వేసేదీ, మొక్కకు నీళ్లు పోసేదీ ఒకరే. దానికి ‘మల్టీపర్పస్’ అని ఇంగ్లిషు పేరు పెట్టారు. నాలుగైదు కొలువులు ఒకరితో చేయించుకుని ఒక జీతమిస్తే, నాలుగో వంతు తృప్తయినా ఎక్కడి నుంచి వస్తుంది?

జీతాన్ని మించిన బాధ ఇంకొకటి ఉంది, దాన్ని ఫారం అడగనే అడగలేదు. ఎదుగుదల. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు తహసీల్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న యువకుడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. తహసీల్దార్లు మారారు. భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, పోయింది, భూభారతి వచ్చింది. ఎదురు బల్ల మీది జూనియర్ అసిస్టెంట్ సీనియర్ అసిస్టెంట్ అయ్యాడు, డిప్యూటీ తహసీల్దార్ అయ్యాడు. ఆపరేటర్ మాత్రం ఆపరేటరే. సర్వర్ మొండికేస్తే రైతులు తిట్టేది అతన్నే, తప్పు దొర్లితే మెమో లేకుండా మర్నాటి నుంచి రావద్దనేదీ అతన్నే. సీనియారిటీ లేదు, ఇంక్రిమెంట్ లేదు, ప్రమోషన్ అన్న మాట లేదు. ఏజెన్సీ మారినప్పుడల్లా అతని సర్వీసు మళ్లీ ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషిని పట్టుకుని కెరీర్ మీద తృప్తిగా ఉన్నావా అని అడగడం పుండు మీద కారం చల్లడమే.

ఇష్టం లేకపోతే మానేయొచ్చు, బయట లక్షల మంది క్యూలో ఉన్నారు అని ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఉన్నారు. 8,039 గ్రూప్-4 పోస్టులకు తొమ్మిది లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రంథాలయాల్లో పొద్దున ఏడుకే కుర్చీ దొరకదు. ఆ క్యూ ఈ కొలువులు బాగున్నాయనడానికి సాక్ష్యమా? బయట ఆకలి ఎంత ఉందో చెప్పే సాక్ష్యమది. ఎదుటివాడి ఆకలిని చూపించి పళ్లెంలో ఉన్నది రుచిగా ఉందని రాసివ్వమనడం ఏ నీతి?

పాలమూరుకు ఈ కాగితాల సంగతి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. వలస కూలీలను కూడగట్టే గుంపు మేస్త్రీ పండుగ ముందు వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుని పోయేవాడు. ఎంత రాశాడో, ఎన్ని నెలలు రాశాడో ముద్ర వేసిన మనిషికి తెలిసేది కాదు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి బొంబాయి బస్సెక్కినవాళ్లను అడిగితే, ఎక్కడెక్కడి డ్యాముల మీదో రాళ్లు మోసిన ముసలివాళ్లను అడిగితే, చదవనివ్వని కాగితం మనిషిని ఎన్నేళ్లు కట్టేస్తుందో చెబుతారు. అడ్వాన్సు కాగితం, బాండు కాగితం, సంతృప్తి కాగితం. వరస చూడండి.

ఇటు నల్లగొండ వెట్టి మీద తిరగబడ్డ గడ్డ. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఆనాడు ఈ జిల్లాలోనే ఉండేది. దొరల గడీల ముందు ‘బాంచెన్ నీ కాల్మొక్తా’ అన్నవాళ్లను ఏ దొరా తృప్తిగా ఉన్నావా అని అడగలేదు. ఆ మేరకు దొరలే నయమనిపించేలా ఉంది ఈ మూడు గడుల తెలివి.

మా ఇంటి సంగతి కూడా దాచిపెట్టం. మండలాల్లో వార్త కోసం ఎండనక వాననక తిరిగే విలేకరులకు అచ్చయిన వరుసల లెక్కన కట్టే లైన్ అకౌంట్ల మీద పత్రికలు విదిల్చేది ఎంతో పాఠకులకు తెలియనిది కాదు. వాళ్లకు ఇలాంటి ఫారం ఇస్తే ఏ గడిలో టిక్కు పెడతారో మాకు తెలుసు. ఆ సిగ్గు మాకుంది కాబట్టి ఎదుటివాడి తప్పు మీద నోరు మూసుకోవాలంటే మాత్రం ఒప్పుకోం.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. ఈ ఫారం నింపినవాళ్లలో నియామక పత్రం చేతిలో ఉన్నవాళ్లు ఎందరు? అది ఇవ్వడానికి ఏజెన్సీకి కాగితం దొరకలేదు, తృప్తి పత్రానికి మాత్రం వందల కాపీలు జిరాక్స్ తీయించింది. జీతం స్లిప్పు లేదు. ఏ నెల పీఎఫ్ ఎంత జమైందో చెప్పే దిక్కులేదు. మరుసటి నెల ఏడో తేదీలోగా జీతం పడాలి. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న ప్రధాన యజమాని ఇవ్వాలి. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం ఈ మాటే అన్నది, దాని స్థానంలో వచ్చిన కోడ్ కూడా ఇదే అంటోంది. ఇక్కడ ప్రధాన యజమాని అంటే సర్కారే. అంటే రెండు నెలల బాకీకి జవాబుదారీ ఆ ఏజెన్సీ ఒక్కటే కాదు, ఆ భవనంలో ఫ్యాను కింద కూర్చున్న అధికారి కూడా.

కాబట్టి ఆ అధికారితోనే మా మాట. నింపించిన ఫారాలు ఇవాళే వెనక్కి తీసుకుని ఎవరిది వారికి ఇప్పించండి, నకళ్లుంటే చింపేసినట్టు రాతపూర్వకంగా చెప్పించండి. నిజంగా మనసు తెలుసుకోవాలనుంటే ఏజెన్సీని పక్కనబెట్టి కార్మిక శాఖతో అడిగించండి, పేరు లేకుండా, నాలుగో గడితో. ముందు రెండు నెలల జీతం ఖాతాల్లో వేయించండి. ఇవేవీ మీ పరిధిలోవి కావంటారా? నెలనెలా ఏజెన్సీ బిల్లు మీద పడే సంతకం ఎవరి పరిధి? అయినా తటపటాయిస్తే ఒక పని చేయండి. అదే ఫారం ఒకటి తెప్పించుకుని, మీ పేరు, మీ నంబరు రాసి, రెండు నెలలు జీతం రాని ఇంట్లో కూర్చున్నట్టు అనుకుని, ఆ మూడు గడుల్లో ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేసి మాకు పంపండి. రేపటి పత్రికలో మొదటి పేజీలో వేస్తాం.