మారవలసింది రైతు ఒక్కడేనా?

2025 అక్టోబరు నెలాఖరులో మొంథా తుపాను ఉమ్మడి వరంగల్ జిల్లాను ముంచెత్తినప్పుడు కోతకొచ్చిన వరి నేలవాలింది; కొనుగోలు కేంద్రాల్లో వడ్ల రాశులు తడిసి ముద్దయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు, 2023 మార్చిలో వడగళ్లు యాసంగి (రబీ) పంటను రాల్చాయి. అదే ఏడాది జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఇన్ని దెబ్బల తర్వాత కూడా ప్రభుత్వ యంత్రాంగం నోట వినిపిస్తున్న మాట ఒక్కటే: రైతు మారాలి, సాగు పద్ధతులు మార్చుకోవాలి.

ఆ సలహాలో శాస్త్రపరంగా తప్పేమీ లేదు. యాసంగి నాట్లు ముందుగా పూర్తిచేసి స్వల్పకాలిక రకాలు వేస్తే, పూత దశలో 35 డిగ్రీలు దాటే ఎండకు గింజ తాలు కాకుండా, ఏప్రిల్ వడగళ్లకు పంట దొరకకుండా కాపాడుకోవచ్చు. అలాంటి రకాలను జగిత్యాల, కూనారం, వరంగల్ పరిశోధన కేంద్రాలు అందించాయి కూడా. మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా ఆరుతడి పాటిస్తే నీరు ఆదా అవుతుంది, భూతాపాన్ని పెంచే మీథేన్ వాయువు తగ్గుతుంది. అయితే శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ చివరి ఆయకట్టులో తన వంతు నీరు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని రైతు, వచ్చిన రోజున మడి నిండా పట్టుకోక ఏం చేస్తాడు? నీటి విడుదల తేదీలే ఖరారు కానప్పుడు నారు ముందుగా పోయమనడంలో అర్థమేమిటి?

నిధులకు పరిమితులున్నాయని, కొనే వడ్లలో తేమ 17 శాతం మించకూడదన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన అని అధికారులు చెబుతారు. నిజమే కావచ్చు. కానీ యంత్రంతో కోసిన పచ్చి వడ్లను ఆరబెట్టేందుకు చోటు లేక రైతు రోడ్ల మీద పోస్తుంటే, ప్రతి మండలానికీ ఆరబెట్టే యంత్రాలను, చాలినన్ని టార్పాలిన్లను సమకూర్చకుండా ఏ నిబంధన అడ్డుపడింది? రైతు మారాలి, కాలువ మారదు. విత్తనం మారాలి, కాంటా మారదు. సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తున్న ప్రభుత్వం, ఆ పంట ఎన్ని రోజులకు కోతకొస్తుందో మాత్రం చూడదు.

అన్నిటికన్నా బాధాకరం బీమా సంగతి. 2020లో రాష్ట్రం కేంద్ర పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి వైదొలగడంతో, 2023 వడగళ్లప్పుడు రైతుకు దక్కిన ఆశ ఎకరాకు పది వేల పరిహారం ప్రకటన ఒక్కటే. కౌలు రైతుకు ఆ మాత్రం హక్కు పొందడమూ కష్టమే. కొత్త రకం వేసి నష్టపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారో చెప్పకుండా ప్రయోగం చేయమనడం బాధ్యతను దులిపేసుకోవడమే.

2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో ఇస్తున్న సన్నబియ్యం ఈ పొలాల నుంచే రావాలి. నాట్లకు ముందే నీటి తేదీలు ప్రకటించండి, కోతలకు ముందే కొనుగోలు కేంద్రాలు తెరవండి, కౌలుదారుతో సహా ప్రతి వరి రైతుకూ బీమా కల్పించండి. ఇవి చేయకుండా వచ్చే యాసంగిలోనూ కరపత్రాలు పట్టుకుని పొలం గట్టు మీదకు రావద్దు.