స్పీగల్ గ్రోవ్ ఓడలోకి ఎవరైనా దిగవచ్చా?

సెలవులకు ఫ్లోరిడా వెళ్లే తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. అక్కడి కీ లార్గో దగ్గర సముద్రంలో కావాలని ముంచిన పాత ఓడ స్పీగల్ గ్రోవ్ కృత్రిమ దిబ్బే (చేపలు, పగడాలు చేరేలా మనుషులు ఏర్పరచినదే) కనుక భయం లేదనీ, శుభ్రం చేసి తలుపులు తీసేశారు కనుక శిక్షణ లేకపోయినా పిల్లలతో సహా లోపల తిరిగి రావచ్చనీ, నీరు వెచ్చన కనుక వెట్‌సూట్ (ఒంటిని కప్పి వెచ్చగా ఉంచే డైవింగ్ దుస్తులు) అక్కరలేదనీ, డైవ్ చేసిన సాయంత్రమే విమానం ఎక్కవచ్చనీ, పాత సామాను ఏది పడేసినా దాని మీద పగడాలు పెరుగుతాయనీ, ఇలాంటి దిబ్బలు సహజమైన పగడపు దిబ్బలను కాపాడుతున్నాయనీ అందులో ఉంది. తప్పని చెప్పినా అదే మిత్రులు మళ్లీ పంపుతున్నారు కాబట్టి విడివిడిగా జవాబు చెప్పక తప్పడం లేదు.

వెట్‌సూట్ సంగతి ఒక్క మాటలో తేలుతుంది: 28 డిగ్రీల నీరు కూడా ఒంటి వేడిని లాగేస్తుంది, తుప్పు పట్టిన ఇనుప అంచు ఏ నీటిలోనైనా చర్మాన్ని కోస్తుంది. విమానం విషయంలో డైవింగ్ వైద్యులు చెప్పేది ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగమని.

అసలు ప్రాణం తీసేది లోపల తిరిగి రావచ్చన్న మాట. ప్రాథమిక డైవింగ్ సర్టిఫికెట్ ఉన్నవారి పరిమితి 18 మీటర్ల లోతు. ఈ ఓడ పైభాగమే దాదాపు ఆ లోతులో ఉంటుంది, అడుగు 40 మీటర్ల దాకా పోతుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నీటి పైనున్న దానికి నాలుగింతలు కనుక, పైన గంటసేపు వచ్చే సిలిండర్ గాలి అక్కడ పావుగంటకే అయిపోతుంది. లోపలికి వెళ్లాక మనం వదిలిన బుడగలు పైకప్పుకు తగిలి తుప్పును రాలుస్తాయి, కాలికి తొడిగిన ఈత రెక్క (ఫిన్) ఒక్కసారి నేలను తాకితే మెత్తటి మడ్డి లేస్తుంది, క్షణాల్లో చేతిలోని లైటు వెలుగు కూడా కనిపించదు. అప్పుడు వచ్చిన దారిని చేతితో తడుముకుంటూ వెనక్కి రావడానికి, లోపలికి వెళ్లేటప్పుడు బయటి నుంచి కట్టుకుంటూ వెళ్లిన తాడు ఒక్కటే ఆధారం. 2007 మార్చిలో అనుభవమున్న ముగ్గురు డైవర్లు తాడు కట్టకుండా వెళ్లి ఇదే ఓడలో చనిపోయారు. అనుభవమున్నవారికే ఆ గతి పట్టిన చోటికి ఈత కూడా సరిగా రాని పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లమని ఏ ధైర్యంతో చెబుతున్నారు?

శుభ్రం చేసిన మాట నిజమే, కానీ అది 2002 నాటి మాట. 155 మీటర్ల ఆ ఓడ ముంచేటప్పుడే అనుకున్నట్టు మునగక తలకిందులై, ముక్కు నీటి పైకి తేలి నిలబడింది. ఆ తర్వాత పక్కకు ఒరిగించారు. 2005లో డెన్నిస్ తుఫాను దాన్ని తిప్పి నిటారుగా నిలిపింది. అంతటి ఇనుమును తిప్పేసే సముద్రంలో ఇరవై ఏళ్లకు పైగా తుప్పు పడుతున్న గదులు ముంచిన నాటి స్థితిలోనే ఉంటాయని నమ్మమనడం అన్యాయం.

ఏది పడేసినా పగడాలు పెరుగుతాయన్నవారు అదే రాష్ట్రంలోని ఆస్బోర్న్ దిబ్బను చూడాలి. 1970లలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర దాదాపు 20 లక్షల పాత టైర్లు సముద్రంలో వేశారు. కట్లు తెగి టైర్లు కొట్టుకుపోయి పక్కనున్న సహజమైన పగడాలనే దెబ్బతీశాయి. వాటిని ఏరే పని ఏళ్ల తరబడి సాగింది.

ఇలాంటి దిబ్బలు సహజ దిబ్బలను కాపాడుతున్నాయన్న చివరి మాటను మాత్రం ఒప్పుకోవాలి, కాకపోతే కొంతవరకే. స్పీగల్ గ్రోవ్ మునిగాక కీ లార్గోలో జరిపిన పరిశీలనలో డైవర్లు కొందరు ఓడ వైపు మళ్లి, చుట్టుపక్కల సహజ దిబ్బలపై తాకిడి తగ్గిందనీ, స్థానిక డైవింగ్ వ్యాపారం పెరిగిందనీ తేలింది. వేడెక్కిన నీటి నుంచి పగడాలను ఏ ఓడా కాపాడలేదు, కానీ మనుషుల తాకిడి నుంచి కొంత కాపాడింది. సందేశంలో ఈ ఒక్క వాక్యం ఉంచి, దాని పక్కన ఓడను బయటి నుంచే, లోతు డైవింగ్‌లో శిక్షణ పొందాకే చూడాలని చేర్చి ఎన్నిసార్లు పంపినా నాకు అభ్యంతరం లేదు.