సవరణ: ఆ నల్ల బీరుకి మేమిచ్చిన మార్కులు

మొన్న నలుగురం కూర్చుని తాగిన ఇంపీరియల్ స్టౌట్‌కి (స్టౌట్ అంటే నల్ల బీరు, ఇది అందులో ఘాటు రకం) 5కి 3 మార్కులే వేశామని రాశాను. కాఫీ పొడి కలిపి పాడుచేశారని కూడా అన్నాను. అది తప్పు. సీసా మీది చీటీ తీరిగ్గా చదివితే కాఫీ ఊసే లేదు. బార్లీని నల్లబడేదాకా వేయిస్తే ఆ మాడు వాసన, కాఫీ లాంటి చేదు వాటంతటవే వస్తాయి. రంగూ అక్కడిదే. నలుపుని చూసి ఘాటు అంచనా వేయకూడదు. అంతే నల్లగా ఉండే మామూలు డ్రై స్టౌట్‌లో (తీపి తక్కువుండే రకం) ఆల్కహాల్ 4-5 శాతమే ఉంటుంది. మేం తాగినది 11.

అసలు పొరపాటు నాది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసేశాను. మరీ చల్లగా ఉంటే వాసనలు పైకి లేవవు, తీపి అణిగిపోతుంది, చేదు ఒక్కటే నాలుకకి తగులుతుంది. ఇలాంటి బీరు 10-13 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మిగిలిన సీసాని నిన్న అరగంట బయటపెట్టి, చిన్న గ్లాసుల్లో పోసుకున్నాం. ఎండు ఖర్జూరం, మాడిన పంచదార... అదే బీరా ఇది అనిపించింది!

ముగ్గురం 4.5కి మార్చాం. నాలుగోవాడు 3 దగ్గరే భీష్మించుకున్నాడు (వాడికి స్టౌటంటేనే పడదు, పిలవడం మా తప్పు). కాబట్టి సగటు 4.1 అని చదువుకోండి.