18 బేరింగుల దొరగారికి ఓ లేఖ

మహారాజశ్రీ చేపల గాలం దారం చుట్టే బెయిట్‌కాస్టింగ్ రీలు గారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమ సమాచారాలు అడగక్కర్లేదు, కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా భోజనాల బల్ల మీద పాత పేపరు పరుచుకుని, దాని మీద నలభై చిల్లర ముక్కలుగా పడుకుని ఉన్నారు. ఒక చిన్న స్ప్రింగు మాత్రం మూత తీయగానే టింగుమని ఎగిరి సోఫా కిందకి పోయింది. చీపురు పెట్టి లాగితే రెండు వేరుశనగ గింజలు, మావాడి రబ్బరు దొరికాయి గానీ స్ప్రింగు దొరకలేదు.

మీరు మా ఇంటికి వేంచేసిన రోజు గుర్తుందా? పెట్టె చూసి మా ఆవిడ చేతి గడియారం అనుకుంది పాపం. నల్ల పెట్టె, బంగారు అక్షరాలు. 18+1 బేరింగులు. 8.1:1 గేరు. 10 కిలోల డ్రాగ్, అంటే చేప లాగితే దారాన్ని జారనిచ్చే పట్టు. ధర 5,999 అని వేసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన 1,850. బొబ్బిలి రాజావారి పేరు ముందు కూడా ఇన్ని బిరుదులు ఉండవేమో. విషయం చెప్పాక మా ఆవిడ ఒకటే మాట అంది. "1,850కి రెండు కేజీల కోనాం చేప వచ్చీది కదండీ." నేను నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పెట్టె తెరిచాక మొదటి సంగతి తెలిసింది. తమరు ఎడమ హ్యాండిల్. మామూలు స్పిన్నింగ్ రీలయితే హ్యాండిల్ విప్పి అటుదిటు మార్చుకోవచ్చు. మీ వంశంలో ఆ సదుపాయం లేదు. పుట్టుకతో ఎడమయితే చచ్చేదాకా ఎడమే. నాకేమో కుడిచేత్తో చుట్టడం అలవాటు. కొనేటప్పుడు చూసుకోవద్దా అంటారు. బిరుదులు చదవడంలో మునిగిపోయి చేతులు చూసుకోలేదు.

ఆదివారం మిమ్మల్ని కళింగపట్నం తీసుకెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోట పండుగప్ప పడుతుందని ఆశ. రాడ్డుకి బిగించి, బొటనవేలు దారం చుట్టుకునే స్పూలు మీద పెట్టి, స్పూలుని వదిలేసే క్లచ్ నొక్కి విసిరాను. ల్యూరు, అంటే ఎర బొమ్మ, పదిహేను అడుగులు పోయి, ఎదురుగాలికి వెనక నుంచి ఎవరో పిలిచినట్టు ఆగింది. తమరు మాత్రం ఆగలేదు. ల్యూరు లాక్కునే దారం ఎప్పుడో అయిపోయింది, మీ స్పూలు ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి పోయే దారి లేని దారం స్పూలు మీదే పైకి లేచి, ఉంగరాలు తిరిగి, ఒకదాన్లో ఒకటి దూరిపోయింది. రెండు సెకన్లు పట్టలేదు. ఒడ్డున వల అల్లుకుంటున్న పెద్దాయన తల ఎత్తి చూశాడు.

"ఏటి బావూ, దానికి జుట్టు పెంచినావేటి?"

ఏం చెప్పను? దీన్ని బ్యాక్‌లాష్ అంటారు తాతా అని ఇంగ్లీషులో పరువు కాపాడుకోబోయాను. ఆయన సరే అని మళ్లీ వలలో పడ్డాడు. నేను ఇసకలో కూర్చుని, మా ఆవిడ తలపిన్నుతో ఒక్కో ఉంగరం లాగుతూ నలభై నిమిషాలు గడిపాను. ఒకటి లాగితే రెండు బిగుసుకుంటాయి. చివరికి బ్లేడు తీసి ముప్ఫై మీటర్ల దారం కోసి పారేశాను. ఈలోగా లైట్‌హౌస్ కూడా వెలిగింది.

తప్పు నాదేనేమో అని మరో వారం మీకు అవకాశం ఇచ్చాను. స్పిన్నింగ్ రీల్లో స్పూలు కదలదు, దారమే దాని మీద నుంచి జారిపోతుంది. మీ జాతిలో స్పూలే తిరగాలి. కాబట్టి ల్యూరు వేగం తగ్గినప్పుడల్లా స్పూలుని ఎవరో ఒకరు పట్టుకోవాలి. అందుకు మీ పక్కన టెన్షన్ నాబ్ ఉంది. మా బాల్కనీలోంచి దారానికి స్కూటరు తాళాలు కట్టి కిందకి వదిలాను. తాళాలు మెల్లగా దిగి, నేలకి తగలగానే స్పూలు కూడా ఆగిపోవాలి. అప్పుడు నాబ్ సరిగ్గా ఉన్నట్టు. కింద వాచ్‌మన్ రెండుసార్లు తాళాలు తెచ్చి ఇచ్చాడు. మూడోసారి తేలేదు, నా వంక అదోలా చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత బ్రేకు. ముందు ఎక్కువ పెట్టి, చేయి కుదిరేకొద్దీ ఒక్కో గీత తగ్గించుకోవాలి. మీది అయస్కాంతం బ్రేకు. అల్యూమినియం స్పూలుని అయస్కాంతం లాగదు గానీ, దాని దగ్గర స్పూలు గిర్రున తిరిగితే లోపల పుట్టే కరెంటే దానికి అడ్డం పడుతుంది. ఎంత బాగుంది! మీ డయలు మీద 0 నుంచి 10 దాకా అంకెలు. 10 పెట్టినా దారం పిట్టగూడే, 0 పెట్టినా పిట్టగూడే. విప్పి చూస్తే అయస్కాంతాల కింద జిగురు ఊడి, అవన్నీ ఒక మూల ఒకదానికొకటి అతుక్కుని కబుర్లాడుకుంటున్నాయి. వారం రోజులు నేను తిప్పింది కరెంటు లేని ఫ్యాను రెగ్యులేటరు.

ఇక్కడితో 'మీరు' అనడం ఆపేస్తున్నాను. ఏమీ అనుకోకు.

నీ 18 బేరింగులు లెక్కపెట్టాను. స్పూలుని రెండు వైపులా మోసేవి రెండు. దారం దూరం పోయేది ఆ రెండింటి నాణ్యత మీదే. హ్యాండిల్ పిడికి రెండు చొప్పున నాలుగు, వాటికీ దూరానికీ ఏ చుట్టరికమూ లేదు. పినియన్ అనే చిన్న గేరు దగ్గర ఒకటి. మొత్తం ఏడు. మిగతా చోట్ల బేరింగు ఉండాల్సిన గుంటలో ప్లాస్టిక్ బుష్షులు కూర్చున్నాయి. పెళ్లి భోజనాల్లో కార్డు లేకుండా వచ్చి కూర్చున్నవాళ్లలాగా, ధీమాగా. ఆ '+1' ఏమిటంటే హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలరు బేరింగు. అది ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

10 కిలోల డ్రాగ్ సంగతి చూద్దాం. నీ మీద చుట్టిన దారం 12 పౌండ్లది, అంటే అయిదున్నర కిలోల లోపే తెగుతుంది. డ్రాగ్ పెట్టుకోవలసింది అందులో మూడో వంతు, నాలుగో వంతు. కిలోన్నర దగ్గర సాఫీగా జారితే చాలు. నువ్వు ఆ కిలోన్నర దగ్గరే కొంచెం పట్టి, కొంచెం వదిలి, మళ్లీ పట్టి, ఎత్తు రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు ఎక్కిన కొత్త డ్రైవరులా కుదుపులు పెడతావు. దారం తెంపేది ఆ కుదుపులే.

ఇక గేరు. నీ స్పూలు అడ్డకొలత 34 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకి పది సెంటీమీటర్ల పైచిలుకు దారం. 8.1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే ఎనభై అయిదు దాటి వస్తుంది, అదీ స్పూలు నిండుగా ఉంటే. వినడానికి బాగానే ఉంటుంది. 5.4 రీలయితే అరవైకి లోపే వస్తుంది గానీ, చేప పడ్డాక చేతికి సుఖం. సైకిలు తొక్కినవాడికి వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు జపాన్ షిమానో వాళ్లు 1921లో సకాయి ఊళ్లో మొదలుపెట్టింది సైకిలు ఫ్రీవీలుతోనే, రీళ్ల సంగతి ఆ తర్వాత. అదే 1921లో స్వీడన్‌లో అబూ అనే రీళ్ల కంపెనీవాళ్ల కార్ఖానా గడియారాల కోసం పెట్టారు. అంతకు ముందు, 19వ శతాబ్దం మొదట్లో, అమెరికా కెంటకీలో గేర్ల రీలు చేసిన జార్జ్ స్నైడర్ కూడా గడియారాలవాడే. చూశావా నీ వంశం? తాతలందరూ నిమిషం తేడా రాకుండా గేరు పళ్లు కోసినవాళ్లు. మా ఆవిడ నిన్ను చూసి గడియారం అనుకోవడంలో తప్పు లేదు.

పళ్లంటే గుర్తొచ్చింది. నీ పెట్టె మీద 'ఇత్తడి గేరు' అని కూడా ఉంది కదా. బాబూ, నువ్వు వచ్చింది శ్రీకాకుళం జిల్లాకి. సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పని తరతరాలుగా చేస్తున్నవాళ్లు ఉన్నారు. అందులో మా ఆవిడకి చిన్నాన్న వరస ఆయన ఒకరు. నీ పెద్ద గేరు కాగితంలో చుట్టుకుని వెళ్లాను. పక్కన సరిపోల్చడానికి మా ఆఫీసులో కొలీగు రీలు కూడా పట్టుకెళ్లాను. అది 7,200 పెట్టి కొన్నది, పెట్టె మీద 5+1 అని మాత్రమే రాసుంది. మూడోది మా బావది. ఓడల్లో ఉద్యోగం కాబట్టి పాతిక వేలు పెట్టి కొనుక్కున్నాడు.

చినమావయ్య ముందు నీ గేరు అరిచేతిలో ఎగరేశాడు. తర్వాత గచ్చు మీద పడేసి విన్నాడు. ఆ చప్పుడుకే ఆయన మొహం మారింది. ఆకురాయి తీసి ఒక పన్ను అంచున రెండుసార్లు రాశాడు. పచ్చటి పొర కింద బూడిదరంగు బయటపడింది.

"ఇత్తడి కాదండి అల్లుడు గారూ. ఇత్తడి రంగు."

కొలీగు రీలు గేరుకీ ఆకురాయి తగిలించాడు. (వాడికి ఇది ఇంకా చెప్పలేదు.) లోపలా పచ్చనే. "ఇది ఇత్తడే. ఉప్పుగాలికి చిలుం పడతాది, తోముకుంటే మళ్లీ లేస్తాది. మీదాన్ని తోమితే అరిగిపోతాది" అన్నాడు. బావ రీలు దగ్గరికి ఆకురాయి వస్తుంటే నేనే చెయ్యి అడ్డం పెట్టాను.

బావ రీలు గురించి రెండు ముక్కలు చెప్పాలి, నీకు అసూయ పుట్టాలి కాబట్టి. దాని బ్రేకుకి డిజిటల్ కంట్రోల్. లోపల చిన్న చిప్పు ఉంటుంది, బ్యాటరీ ఉండదు. స్పూలు తిరిగితే పుట్టే కరెంటుతోనే నడుస్తుంది, సెకనులో ఎన్నోసార్లు వేగం చూసుకుని బ్రేకు వేస్తుంది. విసిరినప్పుడు జుయ్యిమని పాడుతుంది. ఎదురుగాలిలో నా అంతటివాడు విసిరినా జుట్టు పెరగలేదు. కానీ దానితో చేపలు పట్టడం కన్నా దాన్ని కాపాడటమే పెద్ద పని. బావ దాన్ని తువ్వాల్లో చుట్టి తెస్తాడు, ఇసక మీద పెట్టనివ్వడు, కెరటం దగ్గరికి వస్తే చేప వైపు కాకుండా రీలు వైపు చూస్తాడు. చిప్పు పోతే కంపెనీకి పంపాల్సిందే, చినమావయ్య కూడా ఏమీ చెయ్యలేడు.

కొలీగు రీలుకి అలాంటి హడావిడి లేదు. నాలుగేళ్లుగా నాగావళి నుంచి భావనపాడు దాకా తిరుగుతోంది. ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, కుళాయి సన్నగా వదిలి మంచినీళ్లతో కడుగుతాడు. ఆరాక డ్రాగ్ వదులు చేసి, స్పూలు బేరింగులకి కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేస్తాడు. రెండు చుక్కలు వేస్తే విసురు తగ్గుతుందట. క్లచ్ స్ప్రింగు ఒకసారి పోతే కొత్తది తెప్పించుకున్నాడు. దొరుకుతుంది, అదీ గొప్ప. నీ స్ప్రింగు దొరికే చోటు ప్రపంచంలో ఒక్కటే, మా సోఫా కింద.

నీకు చెప్పకూడదు గానీ, పోయిన నెల ఆ రీలు అరువు తెచ్చుకుని మా ఊరి చెరువుకెళ్లాను. తామరాకులూ గుర్రపుడెక్కా కలిసి నీళ్లు కనపడకుండా ఉన్న చోట, 50 పౌండ్ల అల్లిక దారం, రబ్బరు కప్ప. అలాంటి చోటే మీ జాతి పనికొచ్చేది. బరువు ల్యూరు, లావు దారం, పడ్డాక చేపని ఆకుల్లోంచి బలవంతంగా ఈడ్చుకురావాలి. ఏడు గ్రాముల లోపు చిన్న ల్యూర్లకైతే నా పాత స్పిన్నింగ్ రీలే నయం, ఆ మాట మొదటే తెలిస్తే నువ్వు ఈ ఇంటికే వచ్చేవాడివి కాదు. కప్పని ఆకు మీద నుంచి నీళ్లలోకి జార్చాను. టప్పుమని చప్పుడు. కొర్రమీను, కిలోకి దగ్గర. మా ఆవిడ పులుసు పెట్టింది. కోనాం మాట మళ్లీ ఎత్తలేదు.

నీ మీద ఇంక కోపం లేదు. ఈ లేఖ ముగించేలోగా ముక్కలన్నీ మళ్లీ బిగించేశాను. అయస్కాంతాలు మళ్లీ జిగురు పెట్టి అతికించాను. స్ప్రింగు బదులు బాల్‌పెన్ను స్ప్రింగు కోసి పెట్టాను. క్లచ్ పడటం లేదు గానీ హ్యాండిల్ తిరుగుతోంది. సంక్రాంతికి మా అక్క కొడుకు వస్తున్నాడు. గాలిపటం దారం చుట్టడానికి నిన్ను ఇమ్మని ఇప్పటి నుంచే ఫోను చేస్తున్నాడు. వాడిది ఎడమచేతి వాటం.

ఇట్లు,
తమరి 1,850 రూపాయల యజమాని

తా.క. పెట్టె మాత్రం మా ఆవిడ ఉంచుకుంది. పోపు దినుసుల ప్యాకెట్లు సరిగ్గా పడుతున్నాయట.