మీటింగ్ రూమ్ వైట్‌బోర్డుకి ఒక ఉత్తరం

వైట్‌బోర్డూ,

నేనే, మాదాపూర్ ఆఫీసు, ఏడో అంతస్తు. గుర్తుపట్టావా? ఎలా పడతావులే, నీకు నిన్న రాసిందే గుర్తుండదు.

మూడేళ్ల కింద నీ ముందు నాలుగు గంటలు కొట్టుకున్నాం, ఆర్డర్లు, స్టాకు ఒకే డేటాబేస్‌లో ఉండాలా, విడగొట్టాలా అని. కలిపి ఉంచితే ఆర్డర్ పడటం, స్టాకు తగ్గడం ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోతాయి, అయితే రెండూ అవుతాయి లేకపోతే రెండూ అవ్వవు. విడగొడితే ఒక టీమ్ రిలీజ్ కోసం ఇంకో టీమ్ కాచుక్కూర్చోనక్కర్లేదు, కానీ మధ్యలో నెట్‌వర్క్ తెగిందా, ఎవరి లెక్క నమ్మాలో మనమే చావాలి. మూడు రౌండ్ల చాయ్, రెండు ప్లేట్ల ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక విడగొడదామని తేలింది. నీ నిండా డబ్బాలు, బాణాలు. మూలన ఎర్ర మార్కర్‌తో 'డోంట్ ఎరేజ్' అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాం.

మర్నాడు చూస్తే బతుకమ్మ పోటీల లిస్టు! 'డోంట్ ఎరేజ్' మాత్రం పాపం అలాగే ఉంచారు, అందుకే ఆ లిస్టు సంక్రాంతి దాకా ఎవరూ చెరపలేదు.

ఆ రోజు నీ ఫొటో తీసినవాడు పేపర్లు పెట్టేసి రాయదుర్గంలో ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు, ఫొటో కూడా వాడితోనే వెళ్లింది.

పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "అన్నా, ఈ రెండూ ఎందుకు విడగొట్టారు?" ఏదో కారణం ఉండే అన్నాను, గొంతు సవరించుకుని. "మరి కలిపేద్దామా?" అంది.

1972లోనే డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పాడు, కష్టమైన నిర్ణయాలు, రేపు మారేలా ఉన్న నిర్ణయాలు ఒక్కోటీ ఒక్కో మాడ్యూల్‌లో, అంటే ప్రోగ్రామ్‌లో ఒక్కో విడి ముక్కలో దాచమని. మేం సరిగ్గానే దాచాం, మాకే దొరకడం లేదు. 2011లో మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఆయన ఇంకా సులువు చేశాడు: ఒక్కో పెద్ద నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు రాసి కోడ్ పక్కనే పెట్టుకోండి, అప్పటి పరిస్థితి ఏమిటి, ఏం అనుకున్నాం, దానివల్ల ఏం భరించాలి, అంతే. అది విని మా వాళ్లు ఉత్సాహంగా టెంప్లేట్ ఎలా ఉండాలో తేల్చడానికి ఒక మీటింగ్ పెట్టారు. ఎక్కడో చెప్పాలా, నీ ముందే. ఆ టెంప్లేట్ కూడా నువ్వే మింగావు.

రేపు 11 గంటలకి మళ్లీ వస్తున్నాం, అవే డబ్బాలు, అవే బాణాలు. ఆ అమ్మాయి నోట్‌బుక్ తెస్తానంది, మా మేనేజర్ ఎందుకమ్మా, బోర్డు ఉందిగా అన్నాడు. నీలం మార్కర్ ఎండిపోయిందని అందరికీ తెలుసు. అయినా ఒక్కొక్కరూ తీసి, గీసి చూసి, మళ్లీ ట్రేలోనే పెడతారు.